దసరా పెట్టుబడి రెండు లక్షలు: నూలుకా, వెబ్‌సైట్‌కా, ప్రకటనలకా?

ఇక్కత్ ఇంటి అమ్మాయి (పోచంపల్లి ప్రాంతం)

అందరికీ నమస్కారం. మాది యాదాద్రి భువనగిరి జిల్లాలో ఇక్కత్ చీరలు నేయించే కుటుంబం. నాన్నగారికి అరవై దగ్గర పడుతున్నాయి. మగ్గాలకు నూలు, రంగులు ఇచ్చి నేయించిన చీరలను ఆయన హైదరాబాద్ దుకాణాలకూ, ఇంటికి వచ్చి కొనే పాత ఖాతాదారులకూ అమ్ముతారు. నలభై దాటిన మా బాబాయి సొంత వెబ్‌సైట్ ఉండి తీరాలంటారు. డిగ్రీ పూర్తయ్యాక నేను ఇన్‌స్టాగ్రామ్ పేజీ తెరిచాను. ఆర్డర్లు వస్తున్నాయి కానీ నిలకడ లేదు.

ఈ ఏడాది దసరాకూ, ఆ తరువాత వచ్చే పెళ్లిళ్లకూ కలిపి రెండు లక్షల రూపాయలు పక్కన పెట్టాం. ఆ సొమ్ముతో నూలు కొందామని నాన్నగారు, వెబ్‌సైట్ కట్టిద్దామని బాబాయి, ప్రకటనలకూ రీల్స్‌కూ వాడదామని నేను అంటున్నాం. ముగ్గురికీ తగిన కారణాలు ఉండటం వల్లనే నిర్ణయం కుదరడం లేదు. ఈ వేదికలో అన్ని వయసుల వ్యాపారులూ ఉన్నారు గనుక, లెక్కలతో సహా సలహా చెప్పవలసిందిగా కోరుతున్నాను.

మంగళగిరి వర్తకుడు

అమ్మా, డబ్బు సంగతి కంటే ముందు తేదీల సంగతి చూడండి. ఇక్కత్ చీర కోరిన వారానికి మగ్గం దిగదు. నూలుకు ముడులు కట్టాలి, రంగు అద్దాలి, ఆరబెట్టాలి, మళ్లీ కట్టాలి, ఆ తరువాతే పడుగు మగ్గానికి ఎక్కుతుంది. దసరాకు అమ్మవలసిన సరుకు ఆషాఢానికే పనిలో ఉండాలి. సరుకు లేకుండా ప్రకటన వేస్తే, వచ్చిన కొనుగోలుదారుకు “అయిపోయింది” అని చెప్పడానికి మీరే డబ్బు ఖర్చు పెట్టినట్టవుతుంది. మీ నాన్నగారు నూలు అంటున్నది పాతకాలపు భయం వల్ల కాదని, ఆయన పనికాలాన్ని లెక్క కడుతున్నారని నేను అనుకుంటున్నాను.

ఇంకొక మాట. మా అమ్మకాలన్నీ పంచాంగాన్ని బట్టి నడుస్తాయి. శ్రావణంలో వరలక్ష్మీ వ్రతానికి ఒక రకం చీర, దసరాకు ఒకటి, ముహూర్తాలకు పట్టు. మూఢం వస్తే పెళ్లి చీరల బేరం పడిపోతుంది. ఆన్‌లైన్‌లో అమ్మే పిల్లలు ప్రకటనల ఖర్చును నెలకు ఇంత అని సమానంగా పంచడం నేను చూస్తున్నాను. తెలుగు కొనుగోలుదారు జేబు అలా సమానంగా తెరుచుకోదు.

ప్రకటనల పనివాడు (హైదరాబాద్)

పెద్దవారు చెప్పిన ముహూర్తాల సంగతి నా వృత్తిలోనూ నిజమే. దానికి తోడుగా ఒక సాంకేతిక విషయం చెబుతాను, ఎందుకంటే ఇది తెలియక చిన్న నేతదారులు చాలా సొమ్ము పోగొట్టుకుంటున్నారు.

ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్‌లను నడిపే మెటా సంస్థ ప్రకటనల వ్యవస్థ ఎవరికి చూపిస్తే కొంటారో నేర్చుకోవడానికి ఒక్కో ప్రకటన సెట్‌కు (ఒకే లక్ష్యంతో నడిచే ప్రకటనల గుంపుకు) వారంలో సుమారు 50 ఫలితాలు కావాలి. మీరు “కొనుగోలు”ను ఫలితంగా ఎంచుకుంటే వారానికి 50 కొనుగోళ్లు ఆ ప్రకటన నుంచే రావాలి. ఒక్కో పడుగుపై కొద్ది చీరలే వచ్చే ఇంట్లో, రంగుకు ఒకటి రెండు మాత్రమే ఉన్నప్పుడు, ఆ సంఖ్య అందుకోవడం దాదాపు అసాధ్యం. అందువల్ల ప్రకటన ఎప్పటికీ నేర్చుకునే దశలోనే ఉండిపోయి, ఖర్చు పెరుగుతూ పోతుంది. మీవంటి వారు వాట్సాప్ సంభాషణను ఫలితంగా ఎంచుకోవాలి. అది కొనుగోలు కంటే తరచుగా జరుగుతుంది గనుక వ్యవస్థ త్వరగా నేర్చుకుంటుంది. ఒక్కో చీరకు ఒక్కో ప్రకటన వేయకుండా, మొత్తం సేకరణకు ఒకే ప్రకటన ఉంచండి.

ప్రకటనలపై 18 శాతం జీఎస్టీ ఉంటుందని కూడా గుర్తుంచుకోండి. మీకు జీఎస్టీ నమోదు లేకపోతే ఆ పన్ను తిరిగి రాదు గనుక, రెండు లక్షలు పెడితే నిజంగా ప్రకటనలకు దక్కేది సుమారు 1,69,500 రూపాయలే. దసరా ముందు వారాల్లో పెద్ద కంపెనీలన్నీ ప్రకటన స్థలం కోసం జరిగే వేలంలో ఒకేసారి దిగుతాయి కాబట్టి ధరలు ఎక్కువగా ఉంటాయి. రెండు లక్షలూ ప్రకటనలకు పెట్టమని నేను చెప్పను. నలభై వేలకు మించవద్దనే నా సలహా.

ఇక్కత్ ఇంటి అమ్మాయి

ధన్యవాదాలు అన్నగారూ. వాట్సాప్ విషయంలోనే నాకు ఒక చిక్కు ఉంది. వ్యాపారానికి కొత్త నంబరు తీసుకుని వాట్సాప్ బిజినెస్ పెట్టాను, కేటలాగ్ కూడా చేశాను. బ్రాడ్‌కాస్ట్ పంపితే చాలామందికి చేరడమే లేదు. నాన్నగారు మామూలు ఫోను నుంచి ఫొటో పంపితే మాత్రం వెంటనే ఫోన్లు వస్తాయి.

ప్రకటనల పనివాడు (హైదరాబాద్)

బ్రాడ్‌కాస్ట్ జాబితా ఒక్కోదానిలో 256 మందిని చేర్చవచ్చు కానీ, మీ నంబరును తమ ఫోనులో భద్రపరచుకున్న వారికే ఆ సందేశం చేరుతుంది. మీ కొత్త నంబరు ఎవరి ఫోనులోనూ లేదు. మీ నాన్నగారి నంబరు ఎన్నో ఏళ్లుగా “పోచంపల్లి చీరల ఆయన” అని వందల ఫోన్లలో ఉండి ఉంటుంది. మీ ఇంట్లో ఉన్న అతి విలువైన ప్రచార సాధనం ఆ నంబరే. ఆయన అనుమతితో దానినే బిజినెస్ యాప్‌లోకి మార్చండి, లేబుళ్లు పెట్టండి: పట్టు కొనేవారు, నూలు చీరలు కొనేవారు, దుకాణదారులు, విదేశాల్లో ఉన్నవారు అని. ఎవరు ఏ రంగు అడుగుతారో, ఎవరింట పెళ్లి ఉందో ఆయనకు గుర్తుంటుంది. ఆ జ్ఞాపకాన్ని లేబుళ్లలోకి ఎక్కించడం మీరు చేయవలసిన పని. ఈ పనికి రూపాయి ఖర్చు లేదు.

ఓరుగల్లు వెబ్ నిర్మాత

బాబాయి గారి తరఫున నేను మాట్లాడుతాను, మాది ఒకే వయసు. మేము ఇంటర్నెట్‌లోకి వచ్చిన రోజుల్లో ఆర్కుట్ అనే సామాజిక మాధ్యమంలో సముదాయాలు కట్టుకున్నాం. 2014 సెప్టెంబరు 30న అది మూతపడింది. ఆ తరువాతి తరం టిక్‌టాక్‌లో లక్షల మంది అనుచరులను సంపాదించుకుంది. 2020 జూన్ 29న కేంద్ర ప్రభుత్వం నిషేధించడంతో ఆ అనుచరులందరూ ఒక్క రోజులో అందకుండా పోయారు. అప్పుడు ఎవరి దగ్గరైతే కొనుగోలుదారుల ఫోన్ నంబర్లు విడిగా ఉన్నాయో వారు మాత్రమే మరుసటి వారం కూడా అమ్మగలిగారు. ఇన్‌స్టాగ్రామ్‌కు రేపు అలా జరుగుతుందని నేను చెప్పడం లేదు. అద్దె స్థలంలో అమ్ముతున్నప్పుడు ఖాతాదారుల జాబితా మాత్రం మన ఇంట్లో ఉండాలని చెబుతున్నాను.

అయితే వెబ్‌సైట్‌కు లక్షలు అక్కరలేదు. పది పేజీలు చాలు. సింగిల్ ఇక్కత్‌కూ డబుల్ ఇక్కత్‌కూ తేడా ఏమిటి, పట్టు ఇక్కత్‌ను ఎలా ఉతకాలి, అచ్చు వేసిన ఇక్కత్‌ను ఎలా గుర్తించాలి వంటి ప్రశ్నలకు మీ నాన్నగారు చెప్పే జవాబులను తెలుగులోనూ ఇంగ్లీషులోనూ రాయండి. ఈ ప్రశ్నలను జనం ఏడాది పొడవునా గూగుల్‌లో వెతుకుతారు. రీల్ ఆయుష్షు కొద్ది రోజులు. మంచి జవాబు ఉన్న పేజీ ఏళ్ల తరబడి మనుషులను తెస్తుంది. కృత్రిమ మేధతో వందల పేజీలు తయారు చేయించే వారి మాట వినకండి. విలువ లేని రాతను అలా కుప్పలుగా పోయడాన్ని గూగుల్ 2024 మార్చి నుంచి స్పామ్‌గానే పరిగణిస్తోంది.

డొమైన్‌ను, అంటే వెబ్‌సైట్ చిరునామాను, మీ కుటుంబంలో ఒకరి పేరుతో, మీ సొంత ఈమెయిల్‌తో నమోదు చేయించండి. నిర్మించే సంస్థ తన పేరుతో నమోదు చేసుకోవడం, తరువాత గొడవ వస్తే దుకాణానికి తాళం పడటం నేను తరచుగా చూస్తున్నాను.

బెజవాడ బొటిక్

నేను ఈ సలహాతో పూర్తిగా ఏకీభవించలేను. నా వయసు ఇరవై ఆరు, నా అమ్మకాలు దాదాపు అన్నీ రీల్స్ నుంచే వస్తున్నాయి. మా వయసు కొనుగోలుదారులు గూగుల్‌లో వెతికి వెబ్‌సైట్‌కు రావడం తక్కువ. చీర కట్టుకుని ఎవరైనా నడిచి చూపిస్తే కొంటారు. చెల్లీ, నీ బలం కెమెరా ముందు మాట్లాడటమైతే దానినే పెంచుకో. ధర మాత్రం పోస్టులో పెట్టకు, “ధరకు సందేశం పంపండి” అని రాస్తే సందేశాలు పెరిగి పోస్టు ఎక్కువ మందికి చేరుతుంది. “చివరి రెండు మాత్రమే” అని రాస్తే నిర్ణయం కూడా త్వరగా తీసుకుంటారు.

విశాఖ న్యాయవాది

వినియోగదారుల వివాదాలు చూసే వృత్తిలో ఉన్నాను గనుక బెజవాడ సోదరికి స్నేహంగానే ఒక హెచ్చరిక చేస్తాను. 2020 జూలైలో వచ్చిన వినియోగదారుల రక్షణ ఈ-కామర్స్ నియమాలు పన్నులు, రవాణాతో సహా మొత్తం ధరను కొనుగోలుదారుకు స్పష్టంగా చూపాలని కోరుతున్నాయి. వస్తువు లోపంతో వచ్చినా, ప్రకటనలో చూపినట్టు లేకపోయినా వెనక్కు తీసుకోనని చెప్పే హక్కు అమ్మకందారుకు లేదు. కాబట్టి “అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు” అన్న ఒక్క వాక్యం మిమ్మల్ని కాపాడదు. ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో తెలియజేయాలి, నెలలోగా పరిష్కరించాలి. మిత్రుల చేత కొనుగోలుదారుల వేషంలో పొగడ్తలు రాయించడం కూడా నిషిద్ధమే.

నిజంగా రెండే ఉంటే “చివరి రెండు” అనడంలో తప్పు లేదు. లేని కొరతను చూపి తొందరపెట్టడం 2023 నవంబరులో విడుదలైన మార్గదర్శకాలు పేర్కొన్న 13 మోసపూరిత పద్ధతుల్లో ఒకటి. చీర ఉచితంగా పంపి ఇన్‌ఫ్లుయెన్సర్ చేత చెప్పిస్తే, అది ప్రచారమని వారు చూసేవారికి స్పష్టంగా తెలపాలి. తప్పుదోవ పట్టించే ప్రకటనకు కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ మొదటిసారి 10 లక్షల రూపాయల వరకు జరిమానా విధించవచ్చు. చేనేతలో నిజమైన కొరత సహజంగానే ఉంటుంది; అబద్ధం చెప్పవలసిన అవసరమే లేని వ్యాపారం మనది.

మంగళగిరి వర్తకుడు

ధర విషయంలో మా తరాన్ని కూడా నిష్పక్షపాతంగా చూడాలి. మేము మనిషిని బట్టి ధర చెప్పి, బేరమాడి తగ్గించేవాళ్లం. పిల్లలు సందేశాల కోసం ధర దాస్తున్నారు. ఈ రెండు అలవాట్లూ ఆన్‌లైన్‌లో ఒకే చోట దెబ్బతింటాయి, ఎందుకంటే కొన్న ఇద్దరు వదినా మరదళ్లు ఫోన్లు పక్కపక్కన పెట్టుకుని స్క్రీన్‌షాట్లలోని ధరలు పోల్చి చూసుకుంటారు. దుకాణంలో ఇద్దరు ఖాతాదారులు కలుసుకునే అవకాశం తక్కువ, వాట్సాప్‌లో అలా కాదు. ఒకే ధర పెట్టండి. పాత ఖాతాదారుకు గౌరవం చేయాలనుకుంటే కొత్త సరుకు ముందుగా చూపించండి, లేదా కుచ్చులు ఉచితంగా వేయించి ఇవ్వండి.

క్యాష్ ఆన్ డెలివరీ గురించి ఎవరూ ఎత్తలేదు. మాకు అది కొత్త కాదు. 1877 నుంచి తపాలా శాఖలో వి.పి.పి. (పార్సిల్ అందుకునేటప్పుడు సొమ్ము కట్టే పద్ధతి) ఉంది, తిరిగి వచ్చే పార్సిళ్ల బాధా అప్పటి నుంచీ ఉంది. ఉదాహరణకు 100 పార్సిళ్లు పంపితే 20 తిరిగి వచ్చాయనుకోండి. పోనూ రానూ 200 రూపాయల చొప్పున 4,000 రూపాయల నష్టమే అందరికీ కనిపిస్తుంది. చీర 6,000 రూపాయలదైతే 1,20,000 రూపాయల సరుకు పండుగ వారాల్లో అమ్మకానికి దొరకకుండా దారిలో ఉండిపోయిందన్నది అసలు నష్టం. ఒక్కటే ఉన్న చీరను అలా పంపకూడదు. కొంత సొమ్ము ముందుగా యూపీఐలో తీసుకోండి. సొమ్ము వచ్చినట్టు ఎవరైనా స్క్రీన్‌షాట్ పంపితే నమ్మకుండా బ్యాంకు ఖాతాలో జమ చూసిన తరువాతే పార్సిల్ కట్టండి. ఈ విషయంలో మీ నాన్నగారి అనుమానం మంచి గుణం.

కరీంనగర్ ఆడిటర్

పన్నుల సంగతి క్లుప్తంగా చెబుతాను. సరుకుల వ్యాపారానికి జీఎస్టీ నమోదుకు ఏడాది అమ్మకాల పరిమితి ఆంధ్రప్రదేశ్‌లో 40 లక్షలు, తెలంగాణలో 20 లక్షలు. పరిమితి లోపు ఉన్నవారు తమ రాష్ట్రంలోని కొనుగోలుదారులకు ఆన్‌లైన్ మార్కెట్ వేదికల ద్వారా అమ్ముకోవడానికి 2023 అక్టోబరు 1 నుంచి నమోదు తప్పనిసరి కాదు, ఒక గుర్తింపు సంఖ్య తీసుకుంటే చాలు. ఆ వేదికల ద్వారా ఇతర రాష్ట్రాలకు అమ్మితే మాత్రం నమోదు కావాలి. మీరు నేరుగా ఇతర రాష్ట్రాలకు పంపే చేతివృత్తుల వస్తువులకు షరతులతో కొంత మినహాయింపు ఉంది, చేనేత వస్త్రాలు ఆ జాబితాలో ఉన్నాయి. అయితే మీరు నేయించి అమ్మేవారు గనుక అది మీకు వర్తించే తీరును కాగితాలతో సహా స్థానిక ఆడిటరుకు చూపించి నిర్ధారించుకోండి. మార్కెట్ వేదికలు నమోదైన వారి చెల్లింపుల నుంచి 0.5 శాతం జీఎస్టీ కింద, 0.1 శాతం ఆదాయపు పన్ను కింద మినహాయిస్తాయి. అది నష్టం కాదు, రిటర్నులో తిరిగి లెక్కకు తెచ్చుకోవచ్చు. చాలామంది తెచ్చుకోవడం లేదు.

టెక్సాస్ తెలుగు కొనుగోలుదారు

నేను అమ్మకందారును కాదు, పండుగలకు భారతదేశం నుంచి చీరలు తెప్పించుకునే గృహిణిని. 2025 ఆగస్టు 29 నుంచి అమెరికాలో 800 డాలర్ల లోపు పార్సిళ్లకు ఉన్న సుంకం మినహాయింపు తొలగించారు; ఆ రోజుల్లో భారత తపాలా శాఖ కూడా కొంతకాలం ఇక్కడికి పార్సిళ్లు నిలిపివేసింది. ఇప్పటికీ చాలామంది అమ్మకందారులు సుంకం ఎవరు కట్టాలో చెప్పకుండా చీర పంపేస్తున్నారు. తలుపు దగ్గరకు వచ్చాక సుంకం కట్టమంటే ఎవరికైనా కోపమే వస్తుంది. ఆర్డరు తీసుకునేటప్పుడే ఒక్క వాక్యం రాయండి.

మరొక విన్నపం: కృత్రిమ మేధతో తయారు చేసిన అమ్మాయికి చీర కట్టించి చూపవద్దు. ఆ బొమ్మల్లో కొంగు మీది డిజైను మారిపోతోంది, అంచు వెడల్పు మారిపోతోంది. పగటి వెలుతురులో, మీ ఇంటి గుమ్మం ముందు, మీ అమ్మగారు చేతిలో పట్టుకుని మడత విప్పే వీడియో చాలు. నేను అటువంటి వీడియో చూసే కొంటాను.

పుట్టపాక నేత కుటుంబం

ఇంతవరకు అమ్మేవారు, కొనేవారు మాట్లాడారు. నేసేవారి వైపు నుంచి ఒక మాట చెప్పనివ్వండి. మా అమ్మ ఒకప్పుడు గంటల తరబడి చెయ్యి తిప్పుతూ ఆసు పోసేది, అంటే మేకుల చుట్టూ నూలు చుట్టేది. చింతకింది మల్లేశం గారు లక్ష్మీ ఆసు యంత్రం తయారు చేశాక ఆ భుజాల నొప్పి తగ్గింది, 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చినప్పుడు మా ఊళ్లో అందరూ సంతోషించారు. ఇటువంటి పనిని వీడియోలో చూపిస్తే ధర ఎందుకంత ఉందో వేరే చెప్పనక్కరలేదు. చిటికి (నూలుకు ముడులు) కట్టడం, రంగు అద్దడం, మగ్గం మీద పోగు సరిచూసుకోవడం చూపండి. నేసిన వారిని చూపేటప్పుడు అడిగి చూపండి, వారి పేరు చెప్పండి, పండుగకు ధర పెంచితే కూలి కూడా పెంచండి.

మిల్లు గుడ్డ మీద మా డిజైను అచ్చు వేసి “పోచంపల్లి” అని అమ్మేవారితో ధరలో పోటీ పడవద్దు. చీర తిరగేసి వెనుక వైపు చూపించండి. నూలుకే రంగు అద్ది నేస్తాం గనుక అసలైన ఇక్కత్‌లో రెండు వైపులా బొమ్మ ఒకేలా ఉంటుంది, అంచుల్లో రంగు కొద్దిగా చెదిరినట్టు కనిపిస్తుంది. అచ్చు వేసినదానికి వెనుక వైపు వెలిసినట్టుంటుంది. పోచంపల్లి ఇక్కత్ దేశంలో భౌగోళిక గుర్తింపు పొందిన తొలి కొద్ది వస్తువుల్లో ఒకటి. మీరు అధీకృత వినియోగదారుగా (ఆ పేరు వాడుకునే హక్కున్నవారిగా) నమోదు కాకపోతే ఆ పని దసరా కంటే ముందే మొదలుపెట్టండి. సరుకు చేనేతదేనని తెలిపే, 2006లో వచ్చిన హ్యాండ్లూమ్ మార్క్ లేబులు కూడా తీసుకోండి.

ఇక్కత్ ఇంటి అమ్మాయి

ఈ చర్చ అంతా నాన్నగారికీ బాబాయికీ చదివి వినిపించాను. మా ఇంట్లో కుదిరిన నిర్ణయం ఇది: నూలు, రంగులకు 1,20,000, వాట్సాప్ సంభాషణల ప్రకటనలకు 35,000, డొమైన్‌కూ చిన్న వెబ్‌సైట్‌కూ 25,000, మిగిలిన 20,000 రవాణాకూ వాపసులకూ నిల్వ. నాన్నగారి నంబరునే బిజినెస్ యాప్‌కు మారుస్తున్నాం. ధర నిర్ణయించే అధికారం ఆయనది, ప్రకటించిన ధరను తగ్గించకూడదన్న నియమం ముగ్గురికీ. ఏ సరుకుకు ఎప్పుడు ప్రకటన వేయాలో నేను నిర్ణయిస్తాను, ముహూర్తాల పట్టిక నాన్నగారు ఇస్తారు. వెబ్‌సైట్ జవాబులను ఆయన చెబుతుంటే బాబాయి రాస్తారు.

ఒక్క ప్రశ్న మిగిలింది. పేజీకి “పోచంపల్లి” అన్న మాట వచ్చే పేరు పెట్టాను. దానికి ట్రేడ్‌మార్క్ తీసుకోవచ్చా? తీసుకుంటే ఎవరి పేరుతో తీసుకోవాలి?

విశాఖ న్యాయవాది

ఊరి పేరు ఒక్కటే మీ గుర్తుగా నమోదు కావడం కష్టం, పైగా అది అక్కడి నేతదారులందరిదీ. మీ ఇంటి పేరో, మీరు కల్పించుకున్న మరొక పేరో ప్రధానంగా ఉంచి, “పోచంపల్లి ఇక్కత్” అన్నది సరుకు వర్ణనగా కింద రాసుకోండి. వస్త్రాలకు 24వ తరగతి, దుస్తులకు 25వ తరగతి. చీరలు అమ్మేవారు సాధారణంగా రెండింటిలోనూ వేస్తారు. వ్యక్తులకూ చిన్న సంస్థలకూ ఆన్‌లైన్ దరఖాస్తు రుసుము తరగతికి 4,500 రూపాయలు, నమోదైతే పదేళ్లకోసారి పునరుద్ధరించుకోవాలి.

ఎవరి పేరుతో అన్నది చట్టం కంటే కుటుంబం తేల్చుకోవలసిన విషయం. ముగ్గురూ కలిసి చేస్తున్నారు గనుక భాగస్వామ్య పత్రం రాసుకుని, ట్రేడ్‌మార్క్, డొమైన్, వాట్సాప్ నంబరు, ఇన్‌స్టాగ్రామ్ ఖాతా సంస్థకు చెందుతాయని అందులో పేరుపేరునా రాయించండి. రేపు మీకు పెళ్లయి వేరే ఊరు వెళ్లినా, నాన్నగారు విశ్రాంతి తీసుకున్నా ఎవరి వాటా ఎంతో అదే పత్రంలో ఉండాలి. ఇన్‌స్టాగ్రామ్, మెటా ఖాతాలకు కనీసం ఇద్దరిని నిర్వాహకులుగా పెట్టండి. రెండు దశల ధ్రువీకరణ సంకేతాలు ఒక్క ఫోనుకే వెళ్లకుండా చూసుకోండి. దరఖాస్తుకు ముందు ట్రేడ్‌మార్క్ రిజిస్ట్రీ వెబ్‌సైట్‌లో మీ పేరు ఉచితంగా వెతికి చూడవచ్చు. అనుకుంటున్న పేర్లు రెండు మూడు ఇక్కడ రాస్తే, ముందే నమోదైనవి ఉన్నాయేమో నేనూ చూసి చెబుతాను.